గుఱ్ఱంకొండకు ఏ కాలమున పోవలెను?

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో పాటలు కోరునవే ఎక్కువ. పంట చీడలనుగూర్చి అడుగువారు కొందఱు. చరిత్ర ప్రసంగమును విని దానిపై ప్రశ్న వేయువారు మాత్రము అరుదు. అట్టి అరుదైన ఉత్తరమొకటి ఇటీవల పుంగనూరునుండి వచ్చినది. "మీరు గుఱ్ఱంకొండ కోటనుగూర్చి చెప్పినది విన్నాము. ఇంటిల్లిపాదిమి పోయి చూడదలచినాము. ఏ నెలలో పోయిన బాగుండును?" అని అందులోని ప్రశ్న. చూచుటకు చిన్న ప్రశ్నయే. కార్డుపై రెండు పంక్తులలో జవాబు వ్రాసి పంపవచ్చును. కాని కలము పట్టుకొని కూర్చున్నప్పుడు, సరిగా ఈ ప్రశ్ననే రెండువందల ఏండ్లకు పూర్వము ఈ ప్రాంతమున దండులు నడిపిన సేనాపతులందఱు వేసికొనిరనియు, దానికి తప్పు జవాబు చెప్పుకొన్నవారికి దండులే చెడినవనియు జ్ఞప్తికి వచ్చినది. అందుచేత కార్డు పక్కకు పోయి ఈ ప్రసంగము తయారైనది.

కొన్ని పురాతన కట్టడములకు, చూడవలసిన కాలమును వాటిని కట్టినవారే నిర్ణయించినారు. ఈజిప్టు దేశమున అబూ సింబెల్ అను చోట రామెసెస్ చక్రవర్తి కొండలో తొలిపించిన ఆలయము కలదు. ఏటేట ఫిబ్రవరిలో ఒకమారు, అక్టోబరులో ఒకమారు ఉదయసూర్యుని కిరణములు దాని గర్భగృహమువఱకు చొచ్చి లోపలి విగ్రహములపై పడును. 1960ల దశకమున ఆస్వాను ఆనకట్ట నీటిలో మునిగిపోకుండ ఆ ఆలయమును ముక్కలుగా కోసి ఎత్తైన చోటికి తరలించినప్పుడు గూడ ఈ ఏర్పాటు చెడకుండ ఎంతో శ్రద్ధ తీసికొనిరి. అంత దూరమేల? మన నాగలాపురమున వేదనారాయణస్వామి ఆలయములో మార్చి నెలయందు మూడు సాయంకాలములు అస్తమించు సూర్యుని కిరణములు మొదటినాడు స్వామి పాదములపైనను, రెండవనాడు నాభిపైనను, మూడవనాడు శిరస్సుపైనను పడును. తక్కిన దినములలో పోయినవారు ఆలయమును చూతురు గాని ఆ వింతను చూడరు. కోటల సంగతి వేఱు. కోటకు ముహూర్తము పెట్టినవాడు దానిని కట్టినవాడు కాడు, పట్టుకొన వచ్చినవాడు. వాడు ఏ నెలలో వచ్చెను, ఎందుకు వచ్చెను అనునది తెలిసికొన్నచో మనము ఏ నెలలో పోవలెనో తెలియును.

గుఱ్ఱంకొండ మదనపల్లెనుండి రాయచోటి, కడపలవైపు పోవు త్రోవలో సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలవలె ఇదియు కడప జిల్లాలోనిదే. పొలముల నడుమనుండి ఉన్నట్టుండి పైకి లేచిన పెద్ద బండరాతి కొండ. దాని నెత్తిమీద ఎగువ కోట, పాదమున దిగువ కోట, కోటనంటి ఊరు. కొండ చరియలు పలుచోట్ల నిట్టనిలువుగా నుండును. ఈ కొండను ఒక గుఱ్ఱము కాచుచుండెడిదనియు, అది ఉన్నంతకాలము కోట ఎవ్వరికిని లొంగలేదనియు, తుదకు మరాఠా దొంగయొకడు చరియకు ఇనుపమేకులు దిగగొట్టుకొనుచు పైకెక్కి ఆ గుఱ్ఱమును తస్కరించెననియు ఒక కథ కలదు. కథ ఎంత నిజమో గాని, వచ్చినవాడు దొంగయైనను చీకటి చల్లదనమున వచ్చి యుండునని మాత్రము నేను రూఢిగా చెప్పగలను. ఎందుకనగా నేను మొదటిసారి పోయినది మే నెల మిట్టమధ్యాహ్నమున.

అప్పుడు నేను కళాశాలలో చదువుచుంటిని. సెలవులలో నలుగురు మిత్రులము హార్స్‌లీ కొండకు పోయి, తిరుగుదారిలో ఈ కోటను గూడ చూడవచ్చునని బయలుదేరితిమి. బస్సు దిగునప్పటికి పదకొండు గంటలు దాటినది. నలుగురికి కలిపి ఒక్క నీళ్లసీసా. సగము దూరము ఎక్కునప్పటికి సీసా వట్టిపోయినది. బండమీద చేయి ఆనించిన చుఱ్ఱుమనుచుండెను. కోటగోడ ఏది, కొండబండ ఏది అను విచక్షణ చేయుటకు గూడ కన్నులు తెరువరానంత ఎండ. చేసిన పనియేమనగా, ఎదుటివాడు "దిగిపోదమా" అని ఎప్పుడనునా అని నలుగురము కాచుకొనుట. క్రిందికి దిగివచ్చి ఒక ఇంటి పంచన చేరగా, ఆ యింటి పెద్దాయన మజ్జిగ ఇచ్చి, "ఎండాకాలం పట్టపగలు కొండెక్కే వాళ్లంటే దొంగలైనా కావల్ల, మీ మాదిరి సదువుకున్నోళ్లయినా కావల్ల నాయనా" అనెను. ఆనాడు మేము కోటను చూచితిమని ఇంటికి పోయి చెప్పితిమి. అది అబద్ధము. మేము చూచినది ఎండను.

ఆ తప్పు మేమొక్కరమే చేయలేదు. ఇప్పటికిని చాలమంది వేసవిలో హార్స్‌లీ కొండకు వచ్చి, ఆ ఊపున గుఱ్ఱంకొండనుగూడ ఒక గంటలో చుట్టివత్తురు. హార్స్‌లీ కొండ కథ వేఱు. దాని పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ అను దొర క్రింది తాపమునకు తాళలేక అచ్చట ఇల్లు కట్టుకొనెను. సముద్రమట్టమునకు 1,260 మీటర్లు పైబడిన ఎత్తు, చెట్లు, గాలి. అది వేసవికే పుట్టిన చోటు. గుఱ్ఱంకొండ యుద్ధమునకు కట్టిన చోటు. అందు నీడను గూర్చి ఎవ్వడును ఆలోచింపలేదు. చెట్టు శత్రువునకు చాటు గనుక కోటగోడల చెంత దానిని ఉండనిచ్చెడివారు గారు. రెండింటిని ఒకే ప్రయాణమున చూడదలచువారు ఏదో యొకదానికి అన్యాయము చేయుదురు.

ఇక దండుల కాలమును గూర్చి. మన పెద్దలు దండయాత్రకు విజయదశమిని మొదలుగా పెట్టుకొనిరి. ఆయుధపూజ చేసి, జమ్మిచెట్టునకు మ్రొక్కి, ఎల్లలు దాటెడివారు. మరాఠాలు దీనినే సీమోల్లంఘనమనిరి. ఇందులో దైవభక్తి యెంత యున్నదో లెక్కయు అంత యున్నది. ఆనాటి దండు కడుపుతో నడచునది. మనుష్యుల కడుపుకంటె ఎడ్ల కడుపు, గుఱ్ఱముల కడుపు ముఖ్యము. కోటగోడను పగులగొట్టు పెద్ద ఫిరంగి ఒక్కదానిని లాగుటకు పదులకొలది ఎడ్లు కావలెను. గుండ్లకు, మందుగుండునకు, డేరాలకు, బియ్యమునకు వేఱుగా ఎడ్లు. మన పుంగనూరు ఆవులు పొట్టివై, పాలకు, ఇంటి ముచ్చటకు పేరుపొందినవి. ఈ పనికి పొడుగు కాళ్ల మైసూరు ఎడ్లు కావలెను. హైదరు, టిపూల బలమున సగము ఆ ఎడ్లలోనే యుండెను. తరువాతి కాలమున వాటికే అమృతమహల్ ఎడ్లని పేరు నిలిచినది.

ఈ పశువులన్నిటికి నీరు ఎచ్చట? చెరువులలో. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమ యంతయు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్న మెట్టసీమ. ఏడాది పొడవున పారు పెద్ద యేఱు లేదు. చెరువు నిండిననే నీరు. ఆ చెరువులు నిండునది సెప్టెంబరు, అక్టోబరు వానలకు. కొన్ని ఏండ్లలో నవంబరు తుపానులకు. మేత ఎప్పుడు? వానలు వెనుకబట్టిన పిదప. రాగి కోతలు అయి గడ్డి కుప్పలు పడునప్పుడు. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. మన ప్రాంతమున ఉలవలు వెనుకటి వానలకు చల్లి, పుష్యమాసము నాటికి నూర్చుకొందురు. ఉలవలు గుఱ్ఱముల దాణా. గుఱ్ఱంకొండ చుట్టుప్రక్కల ఉలవలు ఇంటికి వచ్చు నెలలే గుఱ్ఱపుదండు కోటముందు నిలువగల నెలలు. ఈ మాట చరిత్ర గ్రంథములలో కనబడదు, రైతునడిగిన చెప్పును.

ఈ లెక్క తప్పినవానికి ఏమగునో 1791వ సంవత్సరము చూపినది. ఆ ఏడు ఫిబ్రవరిలో గవర్నరు జనరలు కారన్‌వాలీసు వేలూరునుండి బయలుదేరెను. ఆంబూరు కనుమలవైపు పోవునట్లు నటించి, టిపూను ఏమార్చి, మొగిలి కనుమ నెక్కెను. చిత్తూరునుండి పలమనేరు పోవు బస్సులు నేడు మూలుగుచు ఎక్కు మొగిలి ఘాటు ఇదియే. అచ్చటనుండి ముళబాగిలు, కోలారు మీదుగా సాగి మార్చి 21న బెంగుళూరు కోటను పట్టుకొనెను. అంతవఱకు కాలము ఆయన పక్షమున నుండెను. కాని అక్కడితో ఆగక మే నెలలో శ్రీరంగపట్టణముపైకి నడచెను. మే 15న అరకెరె వద్ద యుద్ధములో గెలిచెను. ఐనను కోటను ముట్టడింపలేకపోయెను. వానలు ముందుగా దిగినవి. ఎడ్లకు తెగులు తగిలి గుంపులు గుంపులుగా చచ్చినవి. దండులో మశూచికము ప్రబలినది. మేత లేదు, ధాన్యము లేదు, కావేరి పొంగు కాలము దగ్గఱపడినది. తుదకు లాగు ఎడ్లు లేక, అంత దూరమునుండి తెచ్చిన ముట్టడి ఫిరంగులను తన చేతులతోనే పగులగొట్టించి, నెల తిరుగకుండ వెనుదిరిగెను. గెలిచిన యుద్ధమునుండి ఓడినవానివలె తిరిగివచ్చుట చరిత్రలో అరుదు. ఆయన శత్రువు ఆనాడు టిపూ కాడు, వైశాఖమాసము.

ఆ దెబ్బతో ఆయనకు పంచాంగము తెలిసినది. ఆ పిదప కొండకోటలపై పడెను. నందిదుర్గమును అక్టోబరు 18వ తేదీ రాత్రి, పున్నమి పోయిన ఆఱవనాడు, చంద్రుడు ఉదయించువఱకు వేచి ఎక్కించెను. నేడు బెంగుళూరు యువకులు సూర్యోదయము చూచుటకని తెల్లవారుజామున మోటారు సైకిళ్లపై ఎక్కు నంది కొండయే అది. డిసెంబరు 21న సావనదుర్గము పడినది. ఫిబ్రవరి 6వ తేదీ రాత్రి, పున్నమి వెన్నెలలో శ్రీరంగపట్టణముపై పడి టిపూను సంధికి దెచ్చెను. మే నెలలో కానిది ఫిబ్రవరిలో ఐనది. మనుష్యులు వారే, కోట అదియే, నెల మాత్రము వేఱు.

గుఱ్ఱంకొండ ముట్టడి జరిగినది ఈ అక్టోబరు, ఫిబ్రవరి నెలల నడుమనే. నిజాము సేనలు కోటను చుట్టుకొని కూర్చున్నవి గాని వారి ఫిరంగులకు కొండ చలింపలేదు. తుదకు ఇంగ్లీషు ఫిరంగులు తోడై, కెప్టెన్ రీడ్ అను వాడు పని చేతికి తీసికొనిన పిదప నవంబరు మొదటివారమున దిగువ కోట పడినది. ఎగువ కోట పడలేదు. సరిగా ఆ వారముననే, కుప్పమునకు దక్షిణమున బారామహలులోని కృష్ణగిరి కోటపై మాక్స్‌వెల్ చేసిన దాడియు ఇట్లే పేట చిక్కి కొండ చిక్కక ముగిసినది. కుప్పము శ్రోతలకు గుఱ్ఱంకొండ దూరమైనచో ఈ కృష్ణగిరి, రాయకోటలు దగ్గఱ. నేను చెప్పు మాటలు వాటికిని వర్తించును.

దిగువ కోట చేతికి వచ్చుటతో నిజాము ప్రధానసేన వేఱొక చోటికి తరలిపోయినది. ఎగువ కోటను కాచుకొని యుండుటకు హాఫిజ్ ఫరీదుద్దీన్ అను సేనాని నిలిచెను. చలికాలము, నిండిన చెరువులు, నూర్పిళ్ల రోజులు. తన దండుకు ఎంత సుఖమో ఎదుటి దండుకు గూడ అంతే సుఖమను సంగతిని ఆయన మఱచినట్లున్నది. డిసెంబరులో టిపూ పెద్దకుమారుడు ఫతే హైదరు పేరిట మైసూరు గుఱ్ఱపుదండు వచ్చిపడెను. ఏదో చిల్లర దోపిడిగాండ్ర గుంపనుకొని హాఫిజ్ కొద్దిమంది అనుచరులతో ఎదురేగి పట్టుబడి హతుడయ్యెను. దిగువ కోట తిరిగి మైసూరువారి వశమైనది. నాకీ ఘట్టము గుఱ్ఱంకొండ చరిత్రలోకెల్ల విషాదకరముగా తోచును. ముట్టడికి వచ్చినవాడు చేసిన లెక్కయంతయు సరియైనదే. అదే లెక్కను శత్రువు గూడ చేయునని తలపకపోవుట యొక్కటే లోపము.

ఊరిలో ఒక గుమ్మటపు సమాధి కలదు. అది మీర్ అలీ రజాఖానుది. ఆయన హైదరాలీకి బావమఱది, టిపూకు మేనమామ. గుఱ్ఱంకొండ చాలకాలము ఆయన అధికారమున నుండెను. 1760లు, 1770ల దశకములలో ఈ కోట మరాఠాల చేతికి, మరల మైసూరు చేతికి మాఱుచు వచ్చిన దినములలో ప్రధానపాత్ర ఆయనదే. 1781 జూలైలో పోర్టోనోవో అనబడు పరంగిపేట యుద్ధమున ఆయన మరణించెను. మఱుసటి ఏడు డిసెంబరులో హైదరాలీ గూడ చిత్తూరు దాపున నరసింగరాయనిపేటలో విడిదియందు కన్నుమూసెను. అలీ రజాఖాను కుమారుడు కమరుద్దీన్ ఖాను టిపూ కడపటి దినములవఱకు సేనాపతిగా నుండి, 1799 తరువాతి పంపకమున గుఱ్ఱంకొండను జాగీరుగా పొందెను. 1800లో దత్తమండలములతోపాటు ఈ సీమ కుంపిణీవారి పరమైనది. అంతటితో కోటకు పని తీఱినది. మా పెద్దాయన మజ్జిగ ఇచ్చిన పంచ ఈ సమాధికి దగ్గఱనే. ఆనాడు సమాధి నీడన కూర్చుండి అది ఎవరిదో అడుగనైన నడుగలేదు.

శ్రీరంగపట్టణపు కడపటి ముట్టడినిగూర్చి ఒక్కమాట చెప్పక పోజాలను. 1799లో హారిస్ సేన గూడ ఫిబ్రవరిలోనే వేలూరు విడిచి, బారామహలు, రాయకోటల మీదుగా పోయినది. ఈసారి ఇంగ్లీషువారు కావేరికి ముందు పరుగెత్తిరి. వానలు దిగువఱకు నిలిచిన చాలునని టిపూ ఆశ. మే 4వ తేదీ మధ్యాహ్నము ఒంటిగంటకు, నీరు పలుచగా నున్న యేటిని దాటి వారు కోటలోనికి దూకిరి. ఆ వేళను కావలెననియే ఎన్నుకొనిరి. ఎండకు జడిసి, భోజనములు చేసి, కోటలోనివారు నడుము వాల్చు గడియ అది. మే నెల మధ్యాహ్నమున కోటకు ఎవ్వరును రారని టిపూ సిపాయీలు తలచుట సమంజసమే. ఆ వేళకు వచ్చువారు ప్రాణములకు తెగించినవారో, మావంటి విద్యార్థులో.

కనుక పుంగనూరు శ్రోతకు నా జవాబు ఇది. సంక్రాంతి వెళ్లిన వారమునుండి ఫిబ్రవరి కడవఱకు. పండుగ మూడు దినములు, ఆంగ్ల సంవత్సరాది వద్దు. ఆ రోజులలో కోటకంటె జనము ఎక్కువ కనబడును. చెరువులలో నీరు ఇంకను మిగిలియుండును గనుక కొండమీదినుండి చూచినప్పుడు ఏ దండు ఎచ్చట దిగియుండవచ్చునో మీరే గుర్తింపగలరు. నీటి చెంత తప్ప అది దిగదు. వర్షకాలపు పచ్చదనమే అందమని వాదించు మిత్రులు నాకు కలరు. ఛాయాచిత్రములకైనచో వారి మాట నిజమే. కాని పచ్చదనము గోడలను కప్పివేయును. తుప్పలు, బోదగడ్డి మొలచి, కోటగోడ ఎచ్చట తిరిగెనో, మెట్లు ఎచ్చట మొదలాయెనో కనబడనీయవు. జనవరి నాటికి గడ్డి ఎండి పడిపోవును. అప్పుడు పాత గోడల గీతలు బయటపడును. దానికి తోడు చలికాలపు సూర్యుడు ఆకాశమున క్రిందుగా నడచుటచే నీడలు పొడుగై, రాతి వరుసలు, ఫిరంగి కంతలు, కూలిన బురుజుల అడుగులు స్పష్టముగా తెలియును. నడిఎండలో బల్లపరుపుగా తోచు కొండయే ఉదయపు ఏటవాలు వెలుగున పుస్తకమువలె చదువదగియుండును.

సెప్టెంబరునుండి నవంబరువఱకు మాత్రము పిల్లలతో పోవలదని నా సలహా. బండలపై పాకుడు పట్టియుండును. సున్నపు గోడలు నీరు త్రాగి బరువెక్కి, ఏ రాయి ఎప్పుడు జాఱునో తెలియదు. నవంబరు తుపాను మన సీమలో ఎట్లుండునో 2021లో చూచితిమి. ఈ కొండల నీరంతయు బాహుదా, పింఛా వాగులమీదుగా చెయ్యేటిలో కలిసి రాజంపేట దగ్గఱ అన్నమయ్య ఆనకట్టనే తెంచుకొనిపోయినది. గోడలు మనకు ప్రమాదమైనంతగా మనమును గోడలకు ప్రమాదము. తడిసిన గోడనెక్కి నిలుచుండి ఫొటో తీయించుకొనువాడు తనతోపాటు రెండు రాళ్లను దింపుకొని వచ్చును. గుప్తనిధుల పిచ్చితో త్రవ్వువారు చేయు హాని సరేసరి.

జూన్, జూలై, ఆగస్టు నెలలనుగూర్చి చెప్పుటకు పెద్దగా లేదు. మబ్బు, ఈదురుగాలి, నడుమ జల్లులు. మఱి గత్యంతరము లేనివారు పోవచ్చును. మార్చిలో చింతకాయ దులుపువఱకు ఉదయపుపూట భరింపవచ్చును. ఏప్రిలు, మే నెలలనుగూర్చి నా అనుభవము చెప్పియేయున్నాను. మదనపల్లెలో హాయిగా గడపదగిన నెల ఏదని రవీంద్రనాథ ఠాకూరునడిగినను ఇదే చెప్పియుండును. ఆయన 1919లో ఇచ్చటి బిసెంటు కళాశాలకు వచ్చి బడలిక తీర్చుకొన్నది ఫిబ్రవరి కడపటి దినములలోనే. జనగణమనకు ఆయన ఇంగ్లీషు అనువాదము ఆ నెల 28వ తేదీన ఇచ్చట వ్రాయబడినది.

కొందఱు గుఱ్ఱంకొండతో లేపాక్షిని గూడ కలుపుదురు. లేపాక్షి చిత్రములు మండపపు కప్పులకు క్రింది ముఖమున నున్నవి. ఎండ తలకు తగులదు, పైగా వెలుగు లోనికి చాలినంత రావలెనన్న పగలు బాగుగ ఎక్కియుండవలెను. కొండకోటకు తెల్లవారుజాము మేలు, లేపాక్షి మండపమునకు పదకొండు గంటలు మేలు. ఈ రెంటిని ఒకే దినమున పెట్టుకొనువారు ఈ వరుసనే పాటింపవలెను; తలక్రిందులు చేసిరా, రెండును చెడును. నా మట్టుకు నేను రెండు దినములు చేయుదును.

రెండవమారు నేను గుఱ్ఱంకొండకు పోయినది, చాల ఏండ్లకు పిమ్మట, జనవరి మాసాంతమున. మదనపల్లెనుండి మొదటి బస్సు. ఊరిలో దిగునప్పటికి మంచు ఇంకను పొలములపై పఱచుకొని యుండెను. కొండ తల మాత్రమే పైకి కనబడుచుండెను. ఎక్కుచుండగా మంచు విడిచి, మొదట చెరువు, పిదప ఊరు, పిదప రంగీన్ మహలు కమానులు ఒక్కొక్కటిగా బయటపడినవి. కళ్లములలో ఉలవలు నూర్చుచున్నారు. ఆ చప్పుడు పైదాక వినవచ్చినది. దిగువ కోట గోడవెంబడి హాఫిజ్ ఎటు బయలుదేరియుండునో అని చూచుచు చాలసేపు కూర్చుంటిని. తొమ్మిదిన్నరకు బండ వేడెక్కుట మొదలైనది, దిగివచ్చితిని. మజ్జిగ ఇచ్చిన పెద్దాయన అప్పటికి లేడు. ఆ యింటివారిని పలుకరించి, ఈసారి సమాధిని నింపాదిగా చుట్టి చూచి, పండ్రెండు గంటల బస్సుకు వచ్చితిని.

పుంగనూరునుండి వచ్చువారు ముందునాటి రాత్రి మదనపల్లెలో బస చేసినచో తెల్లవారుజామున బయలుదేరుట సుకరము. కుప్పమునుండి పలమనేరు, పుంగనూరుల మీదుగా రావలెను గనుక వారికి తప్పనిసరిగా ముందునాడే ప్రయాణము. ఎక్కుటకు ఏడు గంటలలోపల మొదలుపెట్టుడు. చెప్పులు జాఱనివి వేసికొనుడు. మనిషికొక నీళ్లసీసా ఉండవలెను, నలుగురికి ఒకటి చాలదు.